నొప్పుల వేళ పక్కన ఎవరు?
ఎరుకల కానుపుల చరిత్ర గురించి కొన్ని మాటలు

ఎరుకల ఆడమనిషి బిడ్డను కంటే మగవాడు కాయం తిన్నాడనే అర్థంలో తమిళంలో ఒక సామెత ఉంది. మన వైపు కూడా ఆ మాటను ఎగతాళిగా వింటూనే పెరిగాం. చేయని పనికి కూలి అడిగేవాణ్ణి వెక్కిరించాలంటే మమ్మల్ని ఉదాహరణగా తెచ్చేవాళ్లు. బడిలో మా పిల్లల ముందు ఎవరైనా ఆ మాట అంటే పిల్లలు తల దించుకుంటారు. దానికి ఏం జవాబు చెప్పాలో వాళ్లకు తెలియదు. చాలా కాలం మాకూ తెలియలేదు.

జవాబు వెతుకుతూ పోతే మాకు దొరికింది ఒక ఆచారం కథ మాత్రమే కాదు. మా అవ్వలు, అమ్మలు, అక్కచెల్లెళ్లు నొప్పులను ఎలా భరించారు, ఎవరి చేయి పట్టుకుని భరించారు, ఆ చేయి ఎప్పుడు విడిపోయింది అనే చరిత్ర దొరికింది. రాజుల జననాలకు శాసనాలున్నాయి. మా పుట్టుకలకు శాసనాలు లేవు. అందుకే గరికపాడు, జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల మా ఇళ్లలో ముసలమ్మలు చెప్పినవీ, పుస్తకాల్లో మా గురించి ఇతరులు రాసినవీ పక్కపక్కన పెట్టి ఈ వ్యాసం రాస్తున్నాం.

పుస్తకాల్లో మా పురుడు

1874లో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో జాన్ కెయిన్ అనే మిషనరీ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పనిచేసినవాడు. ఎరుకల స్త్రీకి నొప్పులు మొదలవగానే భర్తకు చెబుతుందని, అతను ఆమె బట్టలు కొన్ని కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, చిన్న దీపం మాత్రమే ఉన్న చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడని అందులో ఉంది. బిడ్డ పుట్టాక స్నానం చేయించి తండ్రి పక్కన పడుకోబెడతారని, ఇంగువ, బెల్లం వంటివి తల్లికి కాక తండ్రికి ఇస్తారని కూడా రాశాడు.

ఇలాంటి ఆచారానికి యూరపు పండితులు 'కూవాడ్' అని పేరు పెట్టారు. అది ఫ్రెంచి మాట. కోడి గుడ్లు పొదగడానికి వాడే మాట నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ టైలర్ 1865లో అచ్చువేసిన పుస్తకంతో ఆ పేరు బాగా వాడుకలోకి వచ్చింది. దక్షిణ అమెరికా ఆదివాసుల్లోనూ, యూరపులో బాస్కుల వంటి వారిలోనూ ఇలాంటి ఆచారాలు ఉన్నాయని పండితులు పోగుచేశారు. 1909లో ఎడ్గార్ థర్స్టన్, కె.రంగాచారి సహాయంతో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలోనూ ఎరుకల, కొరవ వారి గురించి ఈ సంగతి చేరింది. అక్కడి నుంచి అది పుస్తకం నుంచి పుస్తకానికి నడిచింది.

ఈ రాతలన్నిటిలో మగవాడు కనబడతాడు. అతని చీర, అతని బొట్టు, అతను తిన్న ఇంగువ కనబడతాయి. నొప్పులు పడిన ఆడమనిషి కనబడదు. ఆమె ఎక్కడ కూర్చుంది, ఏం పట్టుకుంది, ఎవరు నడుము రాశారు, ఎంతసేపు పడింది అని ఏ దొరా అడగలేదు. వింతను రాసుకున్నారు, కానుపును రాసుకోలేదు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. తిరుమల కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి, బుట్ట పట్టుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్లి సోది చెప్పాడు. దేవుడు మా ఆడమనిషి చీర కడితే భక్తులు చేతులు జోడించారు. మా మగవాడు తన పెళ్లాం నొప్పుల వేళ ఆమె చీర కడితే లోకం నవ్వింది.

ఆ ఆచారానికి అర్థమేమిటి?

పండితులు రెండు మూడు కారణాలు చెప్పారు. బిడ్డకు తండ్రి ఫలానా అని అందరి ముందు ఒప్పుకోవడం ఒకటి. తల్లి మీదికి వచ్చే చెడుగాలిని, దిష్టిని మోసగించి తన మీదికి తిప్పుకోవడం రెండోది. తండ్రి ఒంటికీ బిడ్డ ఒంటికీ లంకె ఉందనే నమ్మకం మూడోది.

మా పెద్దవాళ్లలో మగవాడు చీర కట్టి పడుకోవడం కళ్లతో చూసినవాళ్లు మాకు ఎవరూ తగల్లేదు. కానీ దాని నీడలు ఉన్నాయి. నొప్పులు మొదలైతే మొగుడు ఊరు దాటకూడదనేవాళ్లు. ఇంట్లో ముళ్లు విప్పమనేవాళ్లు. అతని మొలతాడు, తట్టల కట్టల ముళ్లు, గుడిసె తడిక కట్లు కూడా విప్పించేవాళ్లని ఒక అవ్వ చెప్పింది. కానుపు అయ్యేదాకా అతను కత్తి పట్టి వెదురు చీల్చకూడదు. అంటే పని మానుకుని ఇంటి పట్టున ఉండాలి. ఏ రోజు కూలి ఆ రోజు తినే ఇంట్లో మగవాడు పని మానుకుని కూర్చోవడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ ఆచారాన్ని ఆకాశానికి ఎత్తడం కూడా మాకు ఇష్టం లేదు. ఇదే మాట ఇంకొక అవ్వ దగ్గర తెస్తే ఆమె ఒకే ప్రశ్న వేసింది: "నొప్పి మాది, కాయం వాళ్లదా?" ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇంగువ, బెల్లం, శొంఠి, వెల్లుల్లి కలిపిన కాయం బాలింతకు అందాల్సిన మందు. అది తండ్రికి పోయి తల్లికి అందకపోతే ఆ ఆచారంలో లోపం ఉన్నట్టే. కాబట్టి మేము చెప్పేది ఇంతే. మా పాతవాళ్లు కానుపును ఆడవాళ్ల ఒంటరి బాధగా వదిలేయలేదు. మగవాడికి కూడా అందులో ఒక పని పెట్టారు. ఆ పని సరిగ్గా పెట్టారా లేదా అనేది వేరే చర్చ. నవ్వవలసిన సంగతి మాత్రం అది కాదు.

గుడిసెలో కానుపు

మా అవ్వలు నొప్పులకు ఎలా సిద్ధమయ్యేవారని అడిగితే మొదట నవ్వుతారు. "సిద్ధమేంటి, ఆ రోజు కూడా తట్ట అల్లాం" అంటారు. కొంచెంసేపు కూర్చుంటే అసలు సంగతులు వస్తాయి.

తట్టలు, గంపలు, చాటలు అల్లే పని గొంతుకు కూర్చుని చేసేది. నెలలు నిండినా ఆ కూర్చోవడం మానలేదు. ఈతబరిగెల కోసం, వెదురు కోసం మైళ్లు నడిచారు. ఏడో నెల నుంచి ముసలమ్మ వారానికి రెండుసార్లు ఆముదం వెచ్చచేసి నడుముకూ తొడలకూ రాసి వేడినీళ్లు పోసేది. చివరి రోజుల్లో వచ్చి పోయే నొప్పులను దొంగ నొప్పులు అనేవారు. నడిస్తే తగ్గేవి దొంగవి, నడిస్తే పెరిగేవి నిజమైనవి అని గుర్తు చెప్పేవారు. ఇవాళ నర్సమ్మలు చెప్పే గుర్తు కూడా దాదాపు అదే.

నిజమైన నొప్పులు మొదలయ్యాక పడుకోనిచ్చేవాళ్లు కాదు. గుడిసెలో అటూ ఇటూ నడిపించేవారు. దూలానికి తాడు కట్టి దాన్ని పట్టుకుని వేలాడమనేవారు. వెనక ఒకరు కూర్చుని తమ మోకాళ్ల మధ్య ఆమెను ఆనించుకుని నడుము నొక్కేవారు. ముందు మంత్రసాని. నొప్పి వచ్చినప్పుడు నోరు తెరిచి ఊపిరి వదలమనేవారు, నొప్పి పోగానే గంజి రెండు గుక్కలు తాగించేవారు. తొందరపడి ముక్కవద్దని, బిడ్డ తల కిందికి దిగిందని చెప్పాకే ముక్కమని అనేవారు. బయట వాకిట్లో మొగుడు నీళ్లు కాచేవాడు. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టేవారు. పెద్ద కులాల ఇళ్లలోనూ బిడ్డను మొదట చాటలోనే వేసేవారు. ఆ చాట మా చేతులు అల్లినదే. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి పక్క మేమే వేశామని మా అవ్వలు గర్వంగా చెబుతారు.

మంత్రసానులు ఎక్కువగా మాదిగ, మంగలి, చాకలి ఇళ్ల స్త్రీలు. మా గుడిసెలకు మా ముసలమ్మలే మంత్రసానులు. ఎవరింటి బిడ్డ బొడ్డు కోసినా ఆ చేతిని మైల అన్న ఊరే, మళ్లీ నొప్పులు వస్తే అర్ధరాత్రి ఆ గుమ్మం ముందే నిలబడింది.

ఈ కథలో మరో సగం కూడా ఉంది. బొడ్డు కొడవలితో కోసేవారు, వెదురు బద్దతో కోసేవారు. బూడిద అద్దేవారు. ధనుర్వాతం వచ్చి ఏడెనిమిది రోజుల్లో బిడ్డలు పోయేవారు. మాయ పడక, రక్తం ఆగక తల్లులు పోయేవారు. గుర్రపువాతం వస్తే దయ్యం పట్టిందనుకుని వేపమండలు పట్టుకునేవారు. ఎదురుకాళ్ల బిడ్డ అడ్డం తిరిగితే రెండు ప్రాణాలూ పోయేవి. మా ప్రతి ఇంటి వంశంలోనూ కానుపులో పోయిన ఒక అవ్వ ఉంది. ఆ గుడిసెలో తోడు ఉంది, ఓర్పు ఉంది, ఒడుపు ఉంది. రక్తం ఎక్కించే సీసా లేదు. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పకపోతే చరిత్ర కాదు.

పాసు, హాజరు

మా వాళ్లలో ఉప్పు ఎరుకలు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రపు ఉప్పు వేసుకుని బందరు వైపు నుంచి నైజాం వైపు తిరిగేవారు. గరికపాడు ఆ పాత దారి మీదిదే. పాలేరు దాటితే అప్పట్లో నైజాం. బిడారు ఎక్కడ దిగితే అక్కడే కానుపు. రైళ్లు, ఉప్పు పన్ను ఆ బేరాన్ని దెబ్బతీశాయి. బతుకుదెరువు పోయినవాళ్ల మీద తర్వాత దొంగలనే ముద్ర పడింది.

1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించింది. 1924లో మళ్లీ బిగించింది. ఎరుకల వారిలో చాలామందిని ఆ జాబితాలో చేర్చారు. పేరు నమోదైన మగవాడు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. బాపట్ల దగ్గర స్టువార్టుపురం, బెజవాడకు ఎదురుగా కృష్ణ ఆవలి ఒడ్డున సీతానగరం వంటి చోట్ల సెటిల్మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు.

ఆ చట్టం గురించి రాసేవాళ్లు జైళ్ల గురించి, కొట్లాటల గురించి రాస్తారు. కానుపుల మీద అది ఏం చేసిందో ఎవరూ రాయరు. తొలి కానుపుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం మనందరి ఆచారం. పాసు కావలసిన కుటుంబానికి అది కాగితం మీద ఆధారపడిన ప్రయాణమైంది. నొప్పులు రాత్రిపూట వస్తాయి, హాజరు కూడా రాత్రిపూటే. మొగుడు నీళ్లు కాచాలా, హాజరుకు పోవాలా? ఇంట్లో లేకపోయినా నేరమే, హాజరుకు పోకపోయినా నేరమే. ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందు పట్టుకెళ్లేది మా మగవాళ్లనే. 'నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న స్టేషన్లో ఉన్నాడు' అనే మాట మా పాత ఇళ్లలో చాలాసార్లు వినబడేది. భార్య నొప్పుల వేళ ఇల్లు కదలకూడదని ఆచారం పెట్టుకున్న జాతికి ఇది ఎంత దెబ్బో చెప్పనక్కర్లేదు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మనసుల్లోని ముద్ర అంత తొందరగా పోలేదు.

మత్తుమందు వచ్చింది, ఎవరికి వచ్చింది?

అదే కాలంలో లోకంలో ఇంకొక మార్పు జరిగింది. 1847లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుడు కానుపు నొప్పులకు క్లోరోఫామ్ వాడాడు. నొప్పితో కనడం దేవుడు స్త్రీకి వేసిన శిక్ష, దాన్ని తప్పించకూడదని కొందరు మతపెద్దలు వాదించారు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కానుపులో జాన్ స్నో చేత క్లోరోఫామ్ తీసుకుంది. ఆ తర్వాత వాదన మెత్తబడింది. రాణికి నొప్పి తగ్గాక మిగతా స్త్రీల నొప్పికి కూడా విలువ వచ్చింది.

ఆ మందు చరిత్రలో మన వైపు పేరు కూడా ఉంది. క్లోరోఫామ్ ప్రమాదమా కాదా అని తేల్చడానికి 1888, 1889ల్లో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన నైజాం ఖర్చుతో రెండు కమిషన్లు పరిశోధన చేశాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్ తొలి స్త్రీ విద్యార్థుల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ ఆ పనిలో పాలుపంచుకుంది. ప్రపంచంలో తొలి మత్తుమందు వైద్యురాళ్లలో ఒకరిగా ఆమెను ఇవాళ తలచుకుంటున్నారు. గరికపాడు నుంచి చూస్తే అది పాలేరు ఆవలి రాజ్యమే. కానీ ఆ మందు పాలేరు దాటి మా గుడిసెలకు రాలేదు.

కృష్ణ ఆవలి ఒడ్డున గుంటూరులో లూథరన్ మిషన్ తరఫున అన్నా కుగ్లర్ అనే అమెరికా వైద్యురాలు 1883లో అడుగుపెట్టింది. 1898లో ఆమె ఆసుపత్రి తెరుచుకుంది. స్త్రీల కోసం స్త్రీ డాక్టరు అనే సంగతి ఈ ప్రాంతానికి అలా పరిచయమైంది. 1885లో మొదలైన డఫరిన్ నిధి స్త్రీ వైద్యులకు, దాయీల శిక్షణకు డబ్బు పెట్టింది. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం చేసి పేర్లు నమోదు చేయించింది. ఇవన్నీ మంచి పనులే. అయితే చదువుకున్న మిడ్‌వైఫ్‌కు పేరు నమోదై గౌరవం వచ్చిన కాలంలోనే, చదువులేని మంత్రసాని మురికిదనే పేరు స్థిరపడింది. ఆమె చేతులు శుభ్రం చేయడం నేర్పితే సరిపోయే చోట ఆమె తెలివినే తీసి పక్కన పెట్టారు. 1970ల చివరలో మళ్లీ ఊరి మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, కొత్త బ్లేడు, దారం, సబ్బు ఉన్న సంచులు ఇచ్చారు. మా పెద్దవాళ్లలో ఒకామె ఆ సంచిని చాలా ఏళ్లు దూలానికి తగిలించి దాచుకుంది.

సూది, బల్ల, కత్తి

ఆ తర్వాత కాలం వేగంగా మారింది. టి.టి. సూదులు వచ్చాయి. తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని భారతదేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. 2005లో జనని సురక్ష యోజన వచ్చింది. ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడు ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 వాహనాలు మొదలయ్యాయి. 1992–93 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కానుపులు మూడింట ఒక వంతే. 2019–21 నాటి ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో అవి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. 2018–20 లెక్కల ప్రకారం లక్ష కానుపులకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దేశం మొత్తం మీద 97. కానుపులో పోయిన అవ్వ పేరు చెప్పుకున్న ఇళ్లలో ఇవాళ ఆ భయం తగ్గిందంటే అది ఆసుపత్రి వల్లే. ఎవరైనా మమ్మల్ని మళ్లీ గుడిసె కానుపుకు పొమ్మంటే మేము ఒప్పుకోం.

కానీ ఆసుపత్రి ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంది. మా ఇంటి ఆడపిల్లకు నొప్పులు వచ్చి దగ్గరి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. గది తలుపు దగ్గర మా అమ్మను ఆపేశారు. లోపల ఆ పిల్లను వెల్లకిలా బల్ల మీద పడుకోబెట్టారు. లేచి నడుస్తానంటే కసిరారు. అరిస్తే తొడ మీద కొట్టారు. కాపురం చేసేటప్పుడు తెలియలేదా అన్నారు. ఏ కులమని అడిగాక మాట ఇంకా పెరిగింది. తొమ్మిది గంటలు ఆమె చేతికి బల్ల ఇనుప కమ్మి తప్ప మనిషి చేయి దొరకలేదు. బిడ్డ క్షేమంగానే పుట్టాడు. ఆమె మాత్రం రెండో కానుపుకు ముందే ఆపరేషన్ చేయమని అడుగుతానంది. "నొప్పి కాదమ్మా, ఒంటరిగా ఉండలేను" అంది.

ఆ మాటను లెక్కల పక్కన పెట్టి చూడండి. 2019–21 సర్వేలో కడుపు కోసి తీసిన కానుపులు దేశం మొత్తం మీద 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ప్రాణం కాపాడే ఆపరేషన్ కావలసిన వాళ్లకు తప్పక కావాలి. కానీ వందలో నలభై, అరవై మందికి కావాలా? డబ్బు ఆశ, ముహూర్తాల పిచ్చి, డాక్టర్ల తీరిక ఇందులో కారణాలే. నొప్పుల భయం కూడా కారణమే. ఆ భయాన్ని తగ్గించే ఏర్పాటు లేనప్పుడు కత్తే నొప్పికి మందవుతుంది. ఆపరేషన్ అయిన తల్లి తట్ట అల్లడానికి గొంతుకు కూర్చోలేదు, నెలల తరబడి బరువు మోయలేదు. ఆ ఖర్చు కూలి ఇంటి మీదే పడుతుంది.

ఇంకొక ప్రమాదం నొప్పుల సూది. ఊరి ఆర్‌.ఎం.పి.లు కానుపు తొందరగా కావాలని ఆక్సిటోసిన్ సూది ఇళ్లలోనే వేసేవారు. అది ఆసుపత్రిలో కొలత ప్రకారం, బిడ్డ గుండె చూస్తూ ఇవ్వవలసిన మందు. ఇంట్లో ఒక్కసారిగా కండలోకి వేస్తే గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ఊపిరి అందక పోవచ్చు. నొప్పిని తగ్గించడం పోయి నొప్పిని పెంచిన సూది అది.

చుట్టు తిరిగి వచ్చిన మాట

1930ల్లో ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్-రీడ్ అనే డాక్టరు ఒక మాట చెప్పాడు. భయం ఒంటిని బిగిస్తుంది, బిగిసిన ఒళ్లు నొప్పిని పెంచుతుంది, పెరిగిన నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది. 1951లో ఫ్రాన్సు డాక్టరు లమేజ్ సోవియట్ దేశం వెళ్లి అక్కడి పద్ధతి చూసి వచ్చి ఊపిరి తీసే, వదిలే శిక్షణ ప్రచారం చేశాడు. ఇవాళ నగరాల్లో ఫీజు కట్టి గర్భిణులు ఆ తరగతులకు వెళుతున్నారు.

2017లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన 17 దేశాల్లోని 15,858 మంది స్త్రీల మీద జరిగిన 26 పరీక్షలను కలిపి చూసింది. నొప్పుల పొడుగునా పక్కన ఒక మనిషి ఉంటే ఆపరేషన్లు తగ్గుతాయని, నొప్పి మందుల అవసరం తగ్గుతుందని, కానుపు కొంత తొందరగా అవుతుందని తేల్చింది. పడుకోకుండా నడుస్తూ, కూర్చుంటూ ఉంటే నొప్పుల మొదటి దశ గంటకు పైగా తగ్గుతుందని ఇంకొక పరిశీలన చెప్పింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహాల్లో తల్లి కోరిన తోడు, నడవనివ్వడం, నడుము రుద్దడం, వేడి కాపడం, ఊపిరి పద్ధతులు, కోరినవారికి వెన్నుకు మత్తు సూది అన్నీ ఉన్నాయి.

చదివితే మాకు మా అవ్వల గుడిసె గుర్తొచ్చింది. దూలానికి తాడు, వెనక ఆనుకోవడానికి మనిషి, నడుముకు వెచ్చని ఆముదం, నోరు తెరిచి వదిలిన ఊపిరి. వాళ్లకు లేనిది రక్తం సీసా, ఆపరేషన్ గది, మత్తు డాక్టరు. ఆసుపత్రికి లేనిది గుడిసెలోని తోడు. ఈ రెండూ కలవడమే మేము అడిగేది.

అడగడానికి ఆధారం కూడా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కానుపు గదిలో తోడు ఉండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో రాష్ట్రాలకు చెప్పింది. కానుపు అనుభవం ఉన్న ఒక స్త్రీ తోడుండవచ్చు, చాటు ఏర్పాటు ఉన్నచోట భర్త కూడా ఉండవచ్చు. 2017 డిసెంబరులో మొదలైన 'లక్ష్య' కార్యక్రమంలో కూడా గౌరవంగా చూడడం, తోడుండడం ఉన్నాయి. 2017లోనే తెలంగాణలో ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్‌లో మొదలుపెట్టింది. 2018లో కేంద్రం కూడా పద్దెనిమిది నెలల ఆ శిక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకప్పుడు మురికిదని పక్కన పెట్టిన మంత్రసాని పనినే ఇవాళ తెల్లకోటు వేసి మళ్లీ పిలుస్తున్నారు. మంచిదే. ఆ శిక్షణలో ఎరుకల, యానాది, సుగాలి పిల్లలకు కూడా చోటుండాలి.

మా పిల్లలకు, మా ఇళ్లకు

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరు పరీక్ష ఉంటుంది. మానకండి. రక్తం శాతం, బి.పి. రాయించుకోండి. కళ్లు మసకబారినా, ముఖం ఉబ్బినా, తలపోటు ఆగకపోయినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా బయలుదేరండి. 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైవే మీదికి వచ్చి బండ్లు ఆగిపోయాయి. 2021 మేలో కరోనా వేళ సరిహద్దులో అంబులెన్సులనే ఆపారు. గరికపాడు వాళ్లకు బెజవాడ దాదాపు 80 కిలోమీటర్లు. కాబట్టి వానాకాలంలో నెలలు నిండినవాళ్లు రోజు దగ్గరపడకముందే ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాల ఇంటికి చేరండి. తోడెవరో ముందే అనుకోండి. ఆమెతో ఊపిరి వదలడం, నడుము నొక్కడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. గది తలుపు దగ్గర ఆపితే గొడవ పడకుండా, 'లక్ష్య'లో తోడుకు అనుమతి ఉందని మర్యాదగా అడగండి. ఒక్కరు అడిగితే కసురుతారు, పదిమంది అడిగితే కుర్చీ వేస్తారు.

మగపిల్లలకు కూడా ఒక మాట. ఇక ఎవరైనా ఆ సామెత అని నవ్వితే తల దించుకోకండి. భార్య నొప్పి తనదనుకుని పని మానుకుని ఇంటి పట్టున పడుకున్న తాతలు మావాళ్లని చెప్పండి. పోలీసు హాజరు వాళ్లను ఆమె పక్క నుంచి లాక్కుపోయిందని కూడా చెప్పండి. అంతటితో ఆగకండి. మీ రోజు వచ్చినప్పుడు ఆసుపత్రి బయట చెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చోకండి. తలుపు దగ్గర నిలబడి, లోపలికి రానిస్తే ఆమె చేయి పట్టుకోండి. చీర కట్టనక్కర్లేదు. కాయం మాత్రం ఆమెకే తినిపించండి.